ఇంటి మాట ఇంట్లోనే: గోప్యత కాపాడే వాయిస్ అసిస్టెంట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నోటితో చెప్తే లైటు వెలగాలి, ఫ్యాను తిరగాలి, టైమరు మోగాలి. కానీ ఆ మాట మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరు దాకా పోకూడదు. ఈ రెండూ ఒకేసారి కావాలనుకునేవాళ్ళ కోసం ఈ పేజీ. ఉదాహరణలు ఎక్కువగా హోమ్ అసిస్టెంట్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నుంచి తీసుకున్నాను. పౌలస్ స్కౌట్‌సెన్ 2013లో మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు ఇప్పుడు ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు పేర్లు మారతాయి గానీ ప్రశ్నలు మారవు.

మామూలు స్మార్ట్ స్పీకరుకూ దీనికీ అసలు తేడా ఏమిటి?

మీరు "హాల్లో లైటు ఆర్పు" అన్నప్పుడు వరసగా ఐదు పనులు జరగాలి. ముందు వేక్ వర్డ్‌ను, అంటే మీ పిలుపును, పరికరం పట్టుకోవాలి. ఆ తర్వాత వచ్చిన శబ్దాన్ని అక్షరాల్లోకి మార్చాలి. ఆ వాక్యంలో మీరు కోరిందేమిటో తేల్చుకోవాలి. బల్బుకు ఆ కబురు అందించాలి. చివర్లో "ఆర్పేశాను" అని గొంతు విప్పి చెప్పాలి.

పెద్ద కంపెనీల స్పీకర్లలో మొదటి పని ఇంట్లో జరుగుతుంది, మిగతావి చాలావరకు వాళ్ళ సర్వర్లలో జరుగుతాయి. గోప్యత కోసం చేసిన పరికరంలో ఐదింటినీ ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అయితే అవి వాటంతట అవే ఇంట్లో ఉండిపోవు, మీరు ఉంచుకోవాలి. సెటప్ చేసేటప్పుడు ఒక్క చోట క్లౌడ్, అంటే బయటి కంపెనీ సర్వరు, ఎంచుకున్నా ఆ పని వరకు బయటికి వెళ్ళినట్టే. అందుకే డబ్బా మీద ఏం రాసి ఉందో చూడటం కంటే, ఒక్కో మెట్టు దగ్గర "ఇది ఎక్కడ జరుగుతోంది?" అని అడగడం మేలు. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క ప్రశ్నే.

మైకు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కదా, మరి అంతా వింటున్నట్టే కదా?

వింటుంది, కానీ దాచుకోదు. నిద్రలో ఉన్నా తన పేరు వినపడితే మాత్రం లేచే మనిషి లాంటిది ఈ ఏర్పాటు. పరికరంలోని చిన్న చిప్ కొద్దిపాటి శబ్దాన్ని మెమరీలో ఉంచుకుని, అందులో వేక్ వర్డ్ పోలిక ఉందా అని చూస్తుంది. లేకపోతే దాని మీదే కొత్త శబ్దం రాసేస్తుంది. పాతది పోతుంది. ఈ భాగం పెద్ద కంపెనీల స్పీకర్లలోనూ దాదాపు ఇలాగే ఉంటుంది.

ఇక్కడ చాలామంది గమనించని చిన్న తేడా ఒకటుంది. హోమ్ అసిస్టెంట్‌లో వేక్ వర్డ్‌ను పట్టుకునే పద్ధతులు రెండున్నాయి. మైక్రోవేక్‌వర్డ్ పరికరంలోనే నడుస్తుంది, కాబట్టి మీరు పిలిచేదాకా శబ్దం పరికరం దాటదు. ఓపెన్‌వేక్‌వర్డ్ ఇంట్లో సర్వరుగా పెట్టుకున్న కంప్యూటర్లో నడుస్తుంది, కాబట్టి మైకు శబ్దమంతా వైఫై మీద ఇంటి సర్వరుకు నిరంతరంగా వెళ్తూనే ఉంటుంది. రెండో పద్ధతిలోనూ ఇల్లు దాటదు, నిజమే. కానీ ఇంటి నెట్‌వర్క్‌లో ఇంకెవరైనా ఉన్నారా, రౌటరు పాస్‌వర్డ్ గట్టిదేనా అన్నవి అప్పుడు ఎక్కువ ముఖ్యమవుతాయి. వీలైతే మొదటిదే వాడండి.

పిలవకుండానే లేచి కూర్చుంటే?

లేస్తుంది. ఇది మానని జబ్బు. టీవీలో ఎవరో అన్న మాట వేక్ వర్డ్‌లా వినిపించవచ్చు. 2020లో నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ, ఇంపీరియల్ కాలేజ్ లండన్ పరిశోధకులు స్మార్ట్ స్పీకర్ల ముందు టీవీ కార్యక్రమాలు గంటల తరబడి ఆడించి చూస్తే, కొన్ని రోజుకు 19 సార్ల దాకా పొరపాటున మేల్కొన్నాయి. లోకల్ పరికరాలకు, అంటే పనంతా ఇంట్లోనే చేసేవాటికి, ఈ విషయంలో ప్రత్యేక వరమేమీ లేదు. నిజం చెప్పాలంటే, వాటి వేక్ వర్డ్ మోడళ్ళు పెద్ద కంపెనీల వాటంత సాన పట్టినవి కావు కాబట్టి ఇంకొంచెం ఎక్కువే తడబడవచ్చు.

తేడా పర్యవసానంలో ఉంది. క్లౌడ్ స్పీకరు పొరపాటున లేస్తే మీ సంభాషణ ముక్క ఒకటి బయటి సర్వరుకు చేరుతుంది. పూర్తిగా లోకల్‌గా నడిచేది లేస్తే, అర్థం కాలేదని ఒక మాట అని ఊరుకుంటుంది. మరీ విసుగు పుట్టిస్తుంటే సెట్టింగ్స్‌లో వేక్ వర్డ్ సున్నితత్వం తగ్గించండి. లేదా వేరే వేక్ వర్డ్‌కు మారండి. ఇంట్లో తరచూ వినిపించే పేర్లకు దగ్గరగా ఉన్నది అసలే వద్దు.

కంపెనీలు నిజంగా మన మాటలు వింటాయా, లేక ఇదంతా భయమేనా?

మనుషులు విన్న సందర్భాలు బయటపడ్డాయి. 2019 ఏప్రిల్‌లో అమెజాన్ అలెక్సా రికార్డింగుల్లో కొన్నిటిని ఉద్యోగులు విని రాసుకుంటున్నారని బ్లూమ్‌బెర్గ్ రాసింది. అదే ఏడాది జులైలో బెల్జియం ప్రసార సంస్థ వీఆర్‌టీ చేతికి గూగుల్ అసిస్టెంట్ రికార్డింగులు వెయ్యికి పైగా దొరికాయి. వాటిలో 153 అసలు రికార్డు కాకూడనివి, ఎవరూ పిలవకుండానే నమోదైనవి. ఆ నెలలోనే ఆపిల్ సిరి రికార్డింగులను కాంట్రాక్టు ఉద్యోగులు వింటున్న సంగతి గార్డియన్ బయటపెట్టింది. ఆపిల్ ఆ పని నిలిపివేసి, తర్వాత వినియోగదారు ఒప్పుకుంటేనే అన్న పద్ధతికి మారింది. సిరి మీద పడ్డ దావాలో 2024 డిసెంబరు చివర్లో తప్పు ఒప్పుకోకుండానే 9.5 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది.

పిల్లల గొంతు రికార్డింగులను ఉండాల్సినదానికంటే ఎక్కువకాలం ఉంచుకున్నారన్న ఆరోపణ మీద 2023లో అమెజాన్ అమెరికా ప్రభుత్వానికి 2.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఇక 2025 మార్చి 28న, అలెక్సా నడిచే కొన్ని ఎకో స్పీకర్లలో ఉన్న "రికార్డింగులు పంపవద్దు" అన్న ఐచ్ఛికాన్ని తీసేసింది. నాకు వీటన్నిటిలో ఆలోచించదగ్గది ఈ చివరిదే. ఎవరూ దొంగతనంగా ఏమీ చేయలేదు, బహిరంగంగా చెప్పి చేశారు. ఆ సౌకర్యం ఉందని చూసి కొన్నవాళ్ళ ఇంట్లో పరికరం అలాగే ఉంది, ఒప్పందం మాత్రం మారిపోయింది. అడిగే ప్రశ్న "ఈ కంపెనీ మంచిదా, చెడ్డదా?" అయితే జవాబు తేలదు. "రేపు నిబంధన మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంది?" అని అడగండి.

మ్యూట్ బటన్‌ను నమ్మవచ్చా?

అది దేన్ని ఆపుతుందో చూడాలి. కొన్నిట్లో బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్‌కు "ఇక వినకు" అని కబురు మాత్రమే వెళ్తుంది. అలాంటప్పుడు మీరు నమ్మేది సాఫ్ట్‌వేర్‌నే. ఇంకొన్నిట్లో స్విచ్ మైకుకు వెళ్ళే కరెంటునే కోసేస్తుంది. హోమ్ అసిస్టెంట్ వాయిస్ ప్రివ్యూ ఎడిషన్ అనే పరికరంలో పక్కన ఉన్న జరిపే స్విచ్ రెండో రకం. వేలితో తడిమితే ఏ వైపుందో తెలిసే స్విచ్ ఉంటే ఇంట్లో పెద్దవాళ్ళకూ చీకట్లో కూడా సులువు.

ఏమేం కావాలి? ఒక్క పరికరం కొంటే సరిపోతుందా?

సాధారణంగా సరిపోదు. ఎక్కువమంది ఇక్కడే ఉసూరుమంటారు. మీకు కావలసినవి రెండు: గదిలో పెట్టే మైకూ స్పీకరూ ఉన్న పరికరం, ఇంట్లో ఎక్కడో ఒక మూల రోజంతా ఆన్‌లో ఉండే చిన్న కంప్యూటరు. మొదటిది వింటుంది, పలుకుతుంది. రెండోది ఆలోచిస్తుంది.

2024 డిసెంబరులో వచ్చిన వాయిస్ ప్రివ్యూ ఎడిషన్‌ను ఉదాహరణగా తీసుకుంటే, అందులో రెండు మైకులు, ఈఎస్‌పీ32-ఎస్3 చిప్, చప్పుళ్ళను తగ్గించి గొంతును వేరుచేసే ఎక్స్‌మాస్ చిప్, తిప్పే గుండ్రటి మీట, చుట్టూ వెలిగే లైట్ల వలయం ఉంటాయి. లోపలి స్పీకరు చిన్నది, జవాబు వినడానికి చాలు గానీ పాటలకు కాదు. మంచి స్పీకరు తగిలించుకోవడానికి 3.5 మిల్లీమీటర్ల సాకెట్ ఉంది. ఫర్మ్‌వేర్, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్, కూడా ఓపెన్ సోర్సే. పేరులో "ప్రివ్యూ" అని వాళ్ళే పెట్టుకున్నారు కాబట్టి, నిగనిగలాడే పూర్తి వస్తువును ఆశించకండి.

కంప్యూటరుగా రాస్ప్‌బెర్రీ పై, హోమ్ అసిస్టెంట్ గ్రీన్, పాత ల్యాప్‌టాప్, చిన్న డెస్క్‌టాప్ ఏదైనా సరే. ఎంత బలమైనది కావాలన్నది కింది ప్రశ్న మీద ఆధారపడుతుంది.

మాటను అక్షరాలుగా మార్చే పని చిన్న కంప్యూటరు చేయగలదా?

ఐదు మెట్లలో బరువైనది ఇదే. దీనికి ఇంట్లో నడుపుకునే దారులు ముఖ్యంగా రెండున్నాయి.

ఒకటి విస్పర్. ఓపెన్‌ఏఐ 2022 సెప్టెంబరులో విడుదల చేసిన మోడల్ ఇది, 6,80,000 గంటల ఆడియో మీద శిక్షణ పొందింది. కంపెనీ పేరు చూసి కంగారుపడకండి. మోడల్‌ను దించుకున్నాక అది మీ కంప్యూటర్లోనే నడుస్తుంది, ఎవరికీ ఏమీ చెప్పదు. మీరు ఏ మాట అన్నా రాసిపెట్టడానికి ప్రయత్నిస్తుంది. ఖర్చల్లా వేగంలోనే. రాస్ప్‌బెర్రీ పై 4 మీద ఒక్క ఆజ్ఞకు సుమారు 8 సెకన్లు పట్టవచ్చు. ఎనిమిది సెకన్లంటే మీరు లేచి వెళ్ళి స్విచ్ వేసి వచ్చి కూర్చోవచ్చు. ఇంటెల్ ఎన్‌యూసీ స్థాయి చిన్న డెస్క్‌టాప్ మీద అదే పని సెకను లోపు అయిపోతుంది.

రెండోది స్పీచ్-టు-ఫ్రేజ్, 2025లో వచ్చింది. ఇది అన్ని మాటలనూ రాయదు. మీ ఇంట్లో ఉన్న పరికరాల పేర్లు, వాటితో చేయగల పనులు ముందే జాబితాగా వేసుకుని, మీరన్నది వాటిలో దేనికి దగ్గరో తేలుస్తుంది. జాబితా చిన్నది కాబట్టి చిన్న కంప్యూటరు మీద కూడా చకచకా నడుస్తుంది. జాబితాలో లేనిదాన్ని మాత్రం పట్టుకోలేదు. షాపింగ్ జాబితాలో కొత్త సరుకు పేరు చెప్పి చేర్చమంటే దిక్కులు చూస్తుంది.

లైట్లు, ఫ్యాన్లు, టైమర్లు చాలనుకుంటే రెండోది, మీ భాషకు దొరికితే. స్వేచ్ఛగా మాట్లాడాలనుకుంటే మొదటిది, దానికి తగ్గ కంప్యూటరుతో. సెకన్ల గురించి ఇంత పట్టింపెందుకంటే, ఆలస్యమయ్యే అసిస్టెంటును ఇంట్లోవాళ్ళు కొన్నాళ్ళకు పలకరించడమే మానేస్తారు.

తెలుగులో మాట్లాడితే పని చేస్తుందా?

కొంతవరకే. విస్పర్ మోడల్‌కు తెలుగు వచ్చు, కానీ దాని చిన్న సైజు మోడళ్ళు తెలుగులో బాగా తడబడతాయి. పెద్ద మోడళ్ళు మెరుగు, వాటికి మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరు ఉంటే సుఖం. జవాబు చెప్పే వైపు పరిస్థితి నయం: పైపర్ అనే లోకల్ గొంతు సాఫ్ట్‌వేర్‌కు తెలుగు గొంతులు ఉన్నాయి. వాక్యాన్ని అర్థం చేసుకునే భాగంలో తెలుగు వాక్యాల నమూనాలను వాలంటీర్లు రాస్తారు, కాబట్టి ఇంగ్లీషులో ఉన్నన్ని ఉండవు.

దీనికో చక్కటి ఉపాయముంది. హోమ్ అసిస్టెంట్‌లో ప్రతి పరికరానికీ గదికీ మారుపేర్లు పెట్టుకోవచ్చు, మీకు నచ్చిన వాక్యం వినగానే ఫలానా పని చేయమని ఆటోమేషన్ రాసుకోవచ్చు. మీ ఇంట్లో "లైటు తియ్యి" అంటారో, "ఆర్పు" అంటారో, "ఆపెయ్" అంటారో మీకే తెలుసు. ఆ మూడింటినీ మీరే నేర్పండి. వేక్ వర్డ్ మాత్రం ప్రస్తుతానికి "ఓకే నాబు", "హే జార్విస్" లాంటి ఇంగ్లీషు పలుకుబడితోనే సరిపెట్టుకోవాలి.

స్పీకరు లోకల్ అయింది. మరి బల్బులు, ప్లగ్గుల సంగతి?

మంచి ప్రశ్న, చాలా ఇళ్ళలో నీళ్ళు కారేది ఈ చిల్లు దగ్గరే. వైఫై బల్బుల్లో చాలావరకు తయారీ కంపెనీ క్లౌడ్‌తో మాట్లాడతాయి. మీ మాట ఇంట్లోనే అర్థమైనా, "బల్బు వెలిగించు" అన్న కబురు రౌటరు దాటి ఆ కంపెనీ సర్వరుకు వెళ్ళి, అక్కడినుంచి తిరిగి మీ గదిలోని బల్బుకు వస్తుంది. మీ గొంతు వాళ్ళకు అందదు. కానీ ఏ గదిలో ఎప్పుడు లైటు వెలిగింది, రాత్రి ఎన్నింటికి ఆరింది, ఇంట్లో ఎవరూ లేనిది ఏయే రోజుల్లో అన్నది అందుతుంది. నన్నడిగితే ఇది రికార్డింగు కంటే తక్కువ సమాచారమేమీ కాదు.

జిగ్బీ, జడ్-వేవ్ అనే రేడియో పద్ధతులతో మాట్లాడే పరికరాలకు ఇంటర్నెట్‌తో పనే లేదు. మీ సర్వరుకు ఒక చిన్న యూఎస్‌బీ రేడియో తగిలిస్తే వాటితో నేరుగా మాట్లాడుతుంది. వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పని చేయడానికి 2022 అక్టోబరులో విడుదలైన మ్యాటర్ ప్రమాణం కూడా ఇంటి నెట్‌వర్క్‌లోనే అదుపు చేసేలా రూపొందింది, అయితే కొన్ని కంపెనీలు అదనపు సౌకర్యాల కోసం తమ యాప్‌ను కూడా పెట్టుకోమంటాయి. హోమ్ అసిస్టెంట్ వెబ్‌సైటులో ప్రతి బ్రాండ్ పేజీలోనూ అది లోకల్‌గా నడుస్తుందా, క్లౌడ్ మీద ఆధారపడుతుందా అన్నది రాసి ఉంటుంది. కొనబోయే ముందు అది ఒక్కసారి చూసుకోండి. ఉన్నవన్నీ పారేసి కొత్తవి కొననక్కర్లేదు, పాడైనప్పుడల్లా లోకల్‌ది తెచ్చుకుంటూ పోతే చాలు.

ఇంటర్నెట్ పోతే?

అన్నీ లోకల్‌గా పెట్టుకుంటే మామూలుగానే నడుస్తుంది. వైఫై రౌటరుకు కరెంటుంటే చాలు.

చాట్‌బాట్‌లా కబుర్లు చెప్పేలా చేయవచ్చా?

చేయవచ్చు. అర్థం చేసుకునే మెట్టు దగ్గర చాట్‌బాట్ల వెనక ఉండే పెద్ద భాషా మోడల్‌ను తగిలిస్తే "ఇక్కడ చీకటిగా ఉంది" అన్నా లైటు వేస్తుంది. కానీ అది క్లౌడ్ మోడల్ అయితే, మీ వాక్యంతోపాటు మీ ఇంట్లో మీరు చూపించడానికి అనుమతించిన పరికరాల పేర్లు, వాటి ప్రస్తుత స్థితి కూడా ఆ కంపెనీకి వెళ్తాయి. లేకపోతే ఏ లైటు గురించి అంటున్నారో దానికి తెలియదు కదా. "పాప గది లైటు", "ముందు తలుపు: తెరిచి ఉంది" లాంటివి అన్నమాట.

మధ్యేమార్గం ఉంది. "ఆజ్ఞలను ముందు లోకల్‌గా ప్రయత్నించు" అన్న సెట్టింగ్ ఆన్ చేస్తే మామూలు ఆజ్ఞలు ఇంట్లోనే తెమిలిపోతాయి, అర్థం కానివి మాత్రమే మోడల్‌కు వెళ్తాయి. అయితే అర్థం కానివాటిలో పొరపాటున విన్న సంభాషణ ముక్కలు కూడా ఉంటాయని మరచిపోకండి. ఒల్లామా లాంటి సాఫ్ట్‌వేర్‌తో మోడల్‌ను కూడా ఇంట్లోనే నడుపుకోవచ్చు. దానికి గ్రాఫిక్స్ కార్డు, దాని కరెంటు బిల్లు, కొంచెం ఓపిక కావాలి. లైట్లేయడానికి ఇంత అవసరమా అంటే, నా మట్టుకు అనవసరం.

పాటలు, వార్తలు, వాతావరణం అడిగితే?

మీ దగ్గరున్న పాటల ఫైళ్ళయితే ఇంట్లోనే. స్ట్రీమింగ్ సేవలైతే మీరు ఏం వింటున్నారో ఆ సేవకు తెలుస్తుంది, అది ఏ అసిస్టెంటుతోనైనా తప్పదు. వాతావరణం ఎలాగూ బయటినుంచే రావాలి. కాకపోతే సర్వరే మధ్యమధ్యలో తెచ్చిపెట్టుకుంటుంది కాబట్టి మీరెప్పుడు అడిగారో బయటివాళ్ళకు తెలియదు. "ఫలానా దేశం రాజధాని ఏది" లాంటి ప్రశ్నలకు లోకల్ అసిస్టెంట్ నోరు మెదపదు.

బయటికి ఏమీ పోవట్లేదని ఎలా నమ్మాలి?

నమ్మొద్దు, పరీక్షించండి. అన్నిటికంటే తేలికైన పరీక్ష: రౌటరుకు బయటినుంచి వచ్చే ఇంటర్నెట్ తీగ పీకేయండి, వైఫై మాత్రం ఉండనివ్వండి. ఇప్పుడు రోజూ వాడే ఆజ్ఞలు ఒక్కొక్కటీ చెప్పి చూడండి. పని చేసినవి ఇంట్లో జరుగుతున్నాయి. ఆగిపోయినవి ఎక్కడో బయట ఆధారపడ్డాయి. ఏ మెట్టు దగ్గర ఆగిందో కూడా ఊహించవచ్చు: మాట అర్థమైంది గానీ బల్బు వెలగలేదంటే లోపం బల్బుది, అసలు మాటే అర్థం కాలేదంటే శబ్దాన్ని అక్షరాలుగా మార్చేది క్లౌడ్‌లో ఉందన్నమాట.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. ఇంటర్నెట్ లేకుండా పని చేసినంత మాత్రాన, ఉన్నప్పుడు ఏమీ పంపట్లేదని రుజువు కాదు. దానికి రౌటరులో ఆ పరికరం ఎంత డేటా పైకి పంపుతోందో చూడాలి. లోపలేముందో గుప్తలిపి వల్ల కనపడకపోవచ్చు. పరిమాణం మాత్రం దాగదు. ఎవరూ పిలవని వేళ పరికరం నుంచి పైకి గణనీయంగా డేటా వెళ్తుంటే అడగాల్సిందే. మరో మెట్టు పైకెక్కి, ఆ పరికరానికి బయటి ఇంటర్నెట్‌ను రౌటరులోనే మూసేయవచ్చు. అలా మూసేస్తే కొన్నిటికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోతాయి. భద్రతా లోపాలు సరిదిద్దేది అప్‌డేట్లే కాబట్టి, అవి వచ్చినప్పుడు తెరిచి, అయ్యాక మూసేయడం మంచిది.

ఇంట్లో ఎవరు ఏం అడిగారో నాకు కనపడుతుందా?

కనపడుతుంది. కంపెనీ నుంచి కాపాడుకోవడం గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్ళు ఈ సంగతి దాటేస్తారు. హోమ్ అసిస్టెంట్‌లో లోపాలు వెతకడానికి పెట్టిన పేజీలో ఇటీవలి ఆజ్ఞల పాఠం చూడవచ్చు. పరికరాల చరిత్ర మామూలుగా 10 రోజులు ఉంటుంది: ఏ తలుపు ఎప్పుడు తెరుచుకుంది, ఏ గదిలో కదలిక ఉంది, అర్ధరాత్రి వంటగదిలో లైటు ఎంతసేపు వెలిగింది. అడ్మిన్ అకౌంటు ఉన్నవాళ్ళకు ఇదంతా అరచేతిలో ఉంటుంది. సాధారణంగా ఆ అకౌంటు ఇంట్లో ఒక్కరి దగ్గరే ఉంటుంది, ఈ పేజీ చదువుతున్నది కూడా బహుశా వాళ్ళే.

కాబట్టి కొన్ని పనులు మీరే చేయాలి. ఏమేం నమోదవుతోందో ఇంట్లో అందరికీ చెప్పండి. చరిత్ర రోజులు తగ్గించండి, అవసరం లేని సెన్సర్లను నమోదు నుంచే తీసేయండి. పడకగదిలో మైకు పెట్టాలా వద్దా అన్నది ఆ గదిలో ఉండేవాళ్ళు తేల్చాలి. ఎదిగిన పిల్లల గదిలోనైతే మరీ. సర్వరు ఇంట్లో ఉన్నంత మాత్రాన అందరి గోప్యతా కాపాడబడినట్టు కాదు. ఒక కంపెనీ బదులు ఒక కుటుంబ సభ్యుడు చూస్తున్నాడంతే. కొందరికి అది ఇంకా ఇబ్బంది.

నా గొంతునే గుర్తుపడుతుందా? తలుపు తాళం దానికి అప్పగించవచ్చా?

లోకల్ అసిస్టెంట్లు మామూలుగా ఎవరి గొంతో చూడవు. ఎవరు చెప్పినా వింటాయి. చుట్టాలు చెప్పినా, పిల్లలు చెప్పినా, టీవీ చెప్పినా. 2017లో అమెరికాలో ఒక బర్గర్ కంపెనీ టీవీ ప్రకటనలోని మాటకు ఇళ్ళలోని గూగుల్ హోమ్ స్పీకర్లు మేల్కొన్నాయి. మనిషి చెవికి అందని అల్ట్రాసౌండ్‌తో ఆజ్ఞలివ్వవచ్చని అదే ఏడాది చైనాలోని జెజియాంగ్ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. 2019లో మిషిగాన్ యూనివర్సిటీ, జపాన్ పరిశోధకులు కలిసి 110 మీటర్ల దూరం నుంచి లేజర్ కాంతిని మైకు మీద పడేసి, దాన్నే మాటగా నమ్మించారు. మీ ఇంటి మీదికి ఎవరూ లేజర్ పట్టుకుని రారు, సరే. కిటికీ పక్కన పెట్టిన మైకుకు బయటినుంచి గట్టిగా అరిచి చెప్పడం మాత్రం ఎవరికైనా చేతనవును.

తాళం వేయడం మాటతో చేయించండి, తీయడం వద్దు. హోమ్ అసిస్టెంట్‌లో ఏయే పరికరాలు గొంతుకు అందుబాటులో ఉండాలో ఎంచుకునే పేజీ ఉంది. తాళాలు మొదట్లో ఆ జాబితాలో ఉండవు. కానీ గ్యారేజీ తలుపు లాంటివి చేరి ఉన్నాయేమో మీరు ఒకసారి చూసుకోవాలి.

ఇంటికి వచ్చినవాళ్ళకు చెప్పాలా?

చెప్పాలి. లోకల్‌గా నడుస్తున్నా సరే, మైకు ఉన్న సంగతి తెలుసుకునే హక్కు వాళ్ళకుంది. ఇంట్లో పని చేసేవాళ్ళకు కూడా. ఎవరైనా ఇబ్బందిపడితే స్విచ్ జరపడానికి ఒక్క క్షణం పడుతుంది.

ఊళ్ళో లేనప్పుడు బయటినుంచి వాడుకోవడం ఎలా?

రౌటరులో పోర్టు తెరిచి సర్వరును నేరుగా ఇంటర్నెట్‌కు చూపించకండి. ఇంటికి వీపీఎన్, అంటే బయటినుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి గుప్తంగా వచ్చే దారి, పెట్టుకోండి, వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్ తేలిక. అది కుదరకపోతే నాబు కాసా అనే కంపెనీ చందా కట్టించుకుని ఇచ్చే రిమోట్ సేవ ఉంది. ఆ చందాలో గొంతును క్లౌడ్‌లో గుర్తించే సౌకర్యం కూడా వస్తుంది. రికార్డింగులు తాము దాచుకోబోమని ఆ కంపెనీ చెప్తోంది, అయినా అది ఇల్లు దాటిన శబ్దమే. రిమోట్ సేవ వాడుకుంటూ గొంతు గుర్తింపును మాత్రం లోకల్‌గా ఉంచుకోవచ్చు. రెండూ వేర్వేరు సెట్టింగులు.

ఇప్పటికే ఉన్న పాత స్మార్ట్ స్పీకర్లను ఏం చేయాలి?

వాటిని లోకల్ పరికరాలుగా మార్చడం చాలావరకు కుదరదు, లోపలి సాఫ్ట్‌వేర్‌కు తాళం వేసి ఉంటుంది. వాడుతూనే ఉండాలనుకుంటే యాప్‌లో వాయిస్ చరిత్ర చెరిపేసి, రికార్డింగులు భద్రపరచవద్దన్న సెట్టింగ్ ఎంచుకోండి. భద్రపరచకపోవడం, పంపకపోవడం ఒకటి కాదు. మాట అప్పటికీ సర్వరుకు వెళ్తూనే ఉంటుంది. అమ్మేయాలన్నా ఎవరికైనా ఇవ్వాలన్నా ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మీ అకౌంటు నుంచి కూడా తీసేయండి. అందులో మీ వైఫై పాస్‌వర్డ్ ఉంటుంది.

తయారుచేసినవాళ్ళు మూసేసుకుని వెళ్ళిపోతే?

ఈ రంగంలో అది జరిగింది, ఒకసారి కాదు. ఫ్రాన్స్‌లో స్నిప్స్ అనే కంపెనీ అచ్చంగా లోకల్ వాయిస్ అసిస్టెంట్ కోసమే పుట్టింది. 2019 నవంబరులో స్పీకర్లు చేసే సోనోస్ దాన్ని కొనేసింది, కొన్ని నెలల్లోనే దాని మీద సొంతంగా అసిస్టెంట్లు కట్టుకున్న అభిరుచిపరులకు తలుపులు మూసుకుపోయాయి. ఓపెన్ సోర్స్ అసిస్టెంటుగా పేరు తెచ్చుకున్న మైక్రాఫ్ట్ 2023లో చేతులెత్తేసింది. అయితే కోడ్ అందరికీ అందుబాటులో ఉండటం వల్ల ఓపెన్‌వాయిస్‌ఓఎస్ పేరుతో వాలంటీర్లు దాన్ని ముందుకు తీసుకెళ్తున్నారు.

రెండు కథల ముగింపుల్లో తేడా చూశారుగా. కొనేముందు అడగాల్సింది: కంపెనీ రేపు లేకపోయినా ఈ పరికరం నడుస్తుందా? ఫర్మ్‌వేర్‌ను నేను గానీ వేరేవాళ్ళు గానీ మార్చుకోగలమా? మొదటిసారి సెటప్ చేయడానికి వాళ్ళ అకౌంటు తప్పనిసరా? మూడో దానికి "అవును" అంటే మిగతా మాటలన్నీ ఎంత తియ్యగా ఉన్నా నేనైతే పక్కన పెట్టేస్తాను.

గదిలో ఎక్కడ పెడితే బాగా వింటుంది?

టీవీకీ, తిరిగే ఫ్యానుకీ, కిటికీకీ దూరంగా, మాట్లాడే మనిషి నోటి ఎత్తుకు దగ్గరగా. మూలల్లో గోడలకు ఆనించి పెడితే శబ్దం ప్రతిధ్వనించి తికమక పడుతుంది. వంటగదిలో నీళ్ళ కుళాయి చప్పుడు లోకల్ పరికరాలకు పెద్ద శత్రువు.

ముందు దేనితో మొదలుపెట్టాలి?

ఒక గది, ఒక పరికరం, రెండు లైట్లు, టైమరు. అంతే. పాత స్పీకరును వెంటనే తీసేయకండి, పక్కనే ఉండనివ్వండి. ఇంట్లోవాళ్ళు దేన్ని ఏ పనికి పిలుస్తున్నారో కొన్ని వారాలు గమనించండి. మీరు ఊహించినదానికంటే జాబితా చాలా చిన్నగా ఉంటుంది, వాటిలో ఎక్కువ భాగం లైట్లూ టైమర్లే అయివుంటాయి. ఆ నాలుగైదు పనులు కొత్త పరికరం తడబడకుండా చేస్తోందనిపించాక పాతదాని ప్లగ్గు పీకండి. ఇంకా ఎవరైనా దాన్ని వెతుక్కుంటే, ఎందుకో అడిగి ఆ ఒక్క పనికి దారి చూడండి.